లేజర్ కొనడానికి డబ్బులున్నాయి, నడపడానికి లేవు: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థినిని. ఐదో ఏడు నడుస్తోంది. సిలికాన్‌తో కాకుండా కార్బన్ అణువులతో చేసే ఆర్గానిక్ సోలార్ సెల్స్ కోసం కొత్త అణువులు తయారుచేయడం నా పని. ఇప్పటికి పద్నాలుగు చేశాను. వాటిలో తొమ్మిదింటి మీద వెలుతురు పడితే లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. అది చూపించే లేజర్ పదకొండు నెలలుగా మూతపడి ఉంది. ఈ లేఖ దాని గురించే.

ఆ లేజర్ ఎందుకంత అవసరమో ముందు చెప్తాను. సిలికాన్ మీద వెలుతురు పడితే ఎలక్ట్రాన్ సులువుగానే విడిపోయి కరెంటుగా బయటికొస్తుంది. కార్బన్ అణువుల్లో అలా కాదు. లేచిన ఎలక్ట్రానూ, అది వదిలిన ఖాళీ చోటూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని జంటగా ఉండిపోతాయి. గది వేడికి విడిపోయే పట్టు కాదది, ఆ వేడికి పదింతలకు మించి బలం కావాలి. ఆ జంట మామూలుగా పది నానోమీటర్ల దూరం తిరిగి ఆరిపోతుంది. ఆరిపోయేలోగా ఎలక్ట్రాన్‌ని లాక్కునే రెండో అణువు పక్కనే దొరకాలి. అందుకే ఇచ్చే అణువునీ పుచ్చుకునే అణువునీ ఖిచిడీలో బియ్యం, పప్పులా కలిపేస్తాం. చెప్పినంత తేలిక కాదు. ప్రతి మెతుకుకీ పప్పు తగలాలి, మళ్లీ బియ్యానికీ పప్పుకీ బయటికెళ్లే దారులు విడివిడిగా తెగకుండా ఉండాలి.

ఇలా ఎలక్ట్రాన్ ఒక అణువు నుంచి ఇంకో అణువుకి దూకడం ఎంత వేగంగా జరుగుతుందంటే, పాలిమర్ అనే పొడవాటి గొలుసు అణువు నుంచి ఫుల్లరీన్ అనే బంతిలాంటి కార్బన్ అణువుకి దూకడానికి సుమారు 45 ఫెమ్టోసెకండ్లు చాలు. ఒక సెకనును పది కోట్ల భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ కోటి ముక్కలు చేస్తే ఒక్క ముక్క ఫెమ్టోసెకండు. 45 ఫెమ్టోసెకండ్లలో వెలుతురు కూడా తలవెంట్రుక మందం దాటలేదు. నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. చెట్ల ఆకులు చేసే పని కూడా ఇదే కోవలోది.

అయితే దూకడం ఒక్కటే చాలదు. వెంటనే వెనక్కి వచ్చేస్తే కరెంటు రాదు. ఎంతసేపు అవతల నిలిచింది, ఎన్ని తిరిగొచ్చాయి, అణువులో ఏ ముక్క మారిస్తే ఎక్కువసేపు నిలుస్తుంది? నా థీసిస్ అంతా ఈ ప్రశ్నలే. జవాబు కావాలంటే ఆ అణువుల మిశ్రమాన్ని పలుచని పొరగా, అంటే ఫిల్మ్‌గా చేసి, లేజర్ పల్స్‌తో దాన్ని తట్టి లేపి, కొన్ని ఫెమ్టోసెకండ్ల తర్వాత రెండో పల్స్‌తో చూడాలి. వేరే దారి లేదు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు పాతవి, లేజర్‌ని చల్లబరిచే చిల్లర్ ఆగిపోయింది, లేజర్‌లో ఒక భాగం కాలిపోయింది. ఆ భాగం విదేశం నుంచి రావాలి. ఏఎంసీ, అంటే ఏటేటా మరమ్మతులు చూసే ఒప్పందం, అంతకు ముందే ముగిసింది. యంత్రం కొన్న ప్రాజెక్టు గడువు మూడేళ్లు, అదీ అయిపోయింది కాబట్టి ఆ ఖాతాలో పైసా లేదు. రిపేర్లకంటూ విడిగా పద్దు లేదని సంస్థ చెప్పింది. యంత్రం గుట్టు తెలిసిన టెక్నీషియన్ కాంట్రాక్టు ఉద్యోగి, ప్రాజెక్టుతో పాటే వెళ్లిపోయాడు. ఇందులో ఏ ఒక్కరి తప్పూ నాకు కనపడలేదు, ఎవరి ఫైలు ప్రకారం వాళ్లు సరిగ్గానే ఉన్నారు. కోట్ల రూపాయల యంత్రం మాత్రం బట్ట కప్పుకుని కూర్చుంది.

వేరే రాష్ట్రంలో రెండు రోజుల స్లాట్ దొరికితే నైట్ ట్రైన్‌లో వెళ్లాను. నైట్రోజన్ నింపి సీల్ చేసిన డబ్బాలో నాలుగు ఫిల్ములు పెట్టుకుని, ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. రెండింట్లోకి గాలి చేరి పాడయ్యాయి. మొదటి రోజంతా లేజర్ కిరణాలని సరైన దారిలో పెట్టే అలైన్‌మెంట్‌కే పోయింది. మిగిలిన రెండింటినీ కొలిచి తిరిగొచ్చాను. మా నాయిన నల్గొండ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "మిషన్ బాగైందా బిడ్డా" అని అడుగుతాడు. ఆయనకి నా సబ్జెక్టు అర్థం కాదు, మోటారు కాలిపోతే పొలం ఏమవుతుందో బాగా తెలుసు.

సిలికాన్ ప్యానెళ్లు చవగ్గా దొరుకుతుంటే ఇదంతా ఎందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన్నికలో సిలికాన్‌కి మావి ఇంకా సాటిరావు, ఆ మాట దాచను. కానీ 1986లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్ చేసిన తొలి రెండు పొరల ఆర్గానిక్ సెల్ సామర్థ్యం (పడిన వెలుతురులో కరెంటుగా మారే వంతు) 1 శాతం దగ్గర ఉండేది. 2019లో వై6 అనే ఒక్క అణువు వచ్చి దాన్ని 15 శాతం దాటించింది. ఇప్పుడు ల్యాబుల్లో 19 శాతం పైనే. ఇంకులాగా పలుచని ప్లాస్టిక్ మీద అచ్చు వేయొచ్చు, వంగుతుంది, సిలికాన్ ప్యానెల్ బరువు మోయలేని రేకుల కప్పు మీదా పరచొచ్చు.

ఇంకో మాట. ఇది హైదరాబాద్‌కి చేతనైన విద్య. ఒక అణువుకి ఇంకో అణువుని అతికించే సుజుకీ చర్య మందుల తయారీలో ఎంత మామూలో మా పనిలోనూ అంతే మామూలు. జీడిమెట్ల, పటాన్‌చెరు పరిశ్రమల్లో ఆ చేయి తిరిగిన కెమిస్టులున్నారు. తార్నాకలోని కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో రంగుపదార్థాలతో నడిచే సోలార్ సెల్స్ మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. అణువులు చేయడంలో మనం ఎవరికీ తీసిపోం. చేసినదాన్ని చూసుకునే కన్ను దగ్గరే వెనకబడుతున్నాం.

పరిశోధనలకి నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కి ఐదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. సంతోషించాం. అందులో పెద్ద యంత్రం మంజూరు చేసే ప్రతి ఉత్తర్వులోనే కనీసం ఏడేళ్ల ఏఎంసీ, విడిభాగాలు, యూపీఎస్, చిల్లర్ ఖర్చు కలిపి రాయించండి. ప్రాజెక్టు ముగిసినా ఆ డబ్బు యంత్రం పేరునే ఉండాలి. యంత్రం నడిపేవాళ్లని పర్మనెంట్ పోస్టుల్లో పెట్టండి. ఈ లేజర్ల మీద చేయి కుదరడానికే రెండేళ్లు పడుతుంది. 2022 జులైలో పరిశోధన సంస్థలకి జీఎస్టీ 5 శాతమే అన్న రాయితీ తీసేశారు, పరికరాల మీద పన్ను 18 శాతం దాకా వెళ్లింది. ఆ భారం గురించి ఆర్థిక మంత్రి గారితో మీరు మాట్లాడితే వేరు, మేం మాట్లాడితే వేరు.

హైదరాబాద్‌లో ఒక ఫెమ్టోసెకండ్ లేజర్ కేంద్రాన్ని అందరికీ తెరవండి. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు విద్యార్థి ఎవరైనా స్లాట్ బుక్ చేసుకుని వచ్చేలా ఉండాలి. ఏ సంస్థలో ఏ పరిశోధన యంత్రం ఉందో చూపించే ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో యంత్రాల పేర్లు చాలానే ఉన్నాయి. ఏది పనిచేస్తోంది, ఏది ఎన్నాళ్లుగా ఆగిపోయింది అన్నది కూడా అక్కడే చూపించమనండి. మాలాంటి వాళ్లం ట్రైన్ టికెట్ తీసుకునే ముందు చూసుకుంటాం.

నా ఫెలోషిప్ గడువు మార్చితో అయిపోతుంది. నాకు ఉపయోగపడకపోవచ్చు. మా ల్యాబ్‌లో ఈ ఏడాది చేరిన అమ్మాయి తన మొదటి అణువు పోయిన వారమే తయారుచేసింది. ముదురు నీలం రంగులో ఉంది.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
హైదరాబాద్