క్లాసుల సంగతి ముందు చెప్పు

చి. కరుణకు,

మీ అమ్మ ప్రభువు నామంలో దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నేను పంపిన వాక్యానికి వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నావు. ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే కాగితం తీశా.

టంగుటూరులో ఎండ మండిపోతోంది. పొగాకు రేటు పర్లేదంట, మీ బాబాయి మొహం కాస్త తేటపడింది. మోటారు మళ్ళీ కాలింది. అన్నట్టు, కావలి రూతత్తయ్య ఏదో అనింది. నువ్వు జర్మన్ క్లాసులు మానేశావంట, "అమ్మను ఒంటరిగా వదిలి జర్మనీ పోలేను" అన్నావంట. నేను నమ్మలేదులే. ఊరికే చెప్తున్నా.

నైట్ డ్యూటీలో టీ మీద టీ తాగకు. కాళ్ళ వాపు తగ్గిందా?

మొన్న ఆదివారం గుడిలో పాస్టరయ్యగారు బైబిల్లోని హన్నా గురించి చెప్పారు. ఏడ్చి ఏడ్చి కన్న బిడ్డ సమూయేలును పాలు మాన్పించగానే షిలోహులో దేవుని మందిరానికి తీసుకెళ్ళి యాజకుడు ఏలీకి అప్పగించింది కదా. తర్వాత ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు పుట్టారు, ఒకరినిస్తే దేవుడు అయిదుగురినిచ్చాడు అన్నారు. ఆ లెక్క నాకు మింగుడు పడలేదు. ఎందరు పుట్టినా సమూయేలు సమూయేలే. లేకపోతే ఏటేటా చిన్న అంగీ కుట్టుకుని ఎందుకు పోతుంది? ఏడాదికోసారి చూసే బిడ్డకు కొలత ఎట్లా తెలిసేదో! నేనైతే రెండంగుళాలు ఎక్కువే ఉంచి మడిచి కుడతా. తన చేతుల్లో లేకపోయినా బిడ్డ పెరుగుతూనే ఉన్నాడని, పాత అంగీ పొట్టిదైనప్పుడల్లా ఆమెకు తెలిసేది. దేవుడు ఆమెకిచ్చిన జవాబు అదేననుకుంటా.

నాయనమ్మ పెయ్యదూడ కథ నీకు సగమే తెలుసు. తాత టైఫాయిడ్‌తో మంచాన పడ్డప్పుడు, ఆయన్ని బతికిస్తే గేదె కడుపులో దూడ నీకేనని మొక్కుకుంది. పెయ్య పుట్టింది, నుదుట తెల్లచుక్క. దున్నదూడ అయినా బాగుండేదని తాత గొణుగుడు. కోత పండుగకు దాన్ని కడిగి, ఒళ్ళంతా ఆముదం రాసి, కొత్త పలుపు కట్టి గుడికి తోలుకెళ్ళింది. కోళ్ళు, గుమ్మడికాయలు, పిడికెడు బియ్యం మూటలు అయ్యాక పెయ్యను వేలం పాటకు పెట్టారు. చీమకుర్తాయన పెంచుతున్నాడు. వెనక నుంచి ఎవరో ప్రతిసారీ ఇంకో యాభై అంటున్నారు. చూస్తే తాత! సరిగా నిలబడలేనివాడు, తలకు తువ్వాలు చుట్టుకుని పాడేస్తున్నాడు. అప్పు చేసి మరీ ఇంటికి తోలుకొచ్చాడు. "దేవుడికిచ్చింది వెనక్కి కొనుక్కొస్తావా" అని నాయనమ్మ మాట మానేసింది. "డబ్బు దేవుడికేగా పోయింది" అని తాత. అది ఈనినాక, బతికున్నంత కాలం ఒకపూట పాలు అయ్యగారింటికే. ఆ చెంబు మోసింది నేనే, కొత్త కోడల్ని.

చంటిపిల్లప్పుడు నిన్ను గుడిలో దేవుడికి ప్రతిష్ఠ చేసింది నేనూ మీ నాన్నా. ఇప్పుడు వెనక నిలబడి పాట పెంచమంటావా? నాకేం, కుట్టు మిషను ఉంది, బాబాయి పిల్లలున్నారు, పక్కనే శాంతమ్మ.

ఒంగోలు ప్రార్థన కొండ చీకటితోనే ఎక్కేవాళ్ళం, గుర్తుందా? 1854 జనవరి 1న అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర వాళ్ళు అయిదుగురే ప్రార్థనకు ఎక్కారు. మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఆలోచిస్తున్న రోజులవి. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని వాళ్ళు దేవుణ్ణి అడిగిన మనిషి, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. వాళ్ళు అన్నేళ్ళు ఆగితే, జర్మన్ బీ టూ పరీక్ష ఒకసారి పోతే మనం క్లాసులే మానేస్తామా? పోయిందని నేననట్లేదు. పోతే మాత్రం నా పేరు అడ్డం పెట్టుకోకు. ఇదిగో, మళ్ళీ ప్రసంగం మొదలెట్టా.

గోంగూర పచ్చడి పంపుతున్నా, తడి చెంచా పెట్టకు. జర్మనీలో చలంట, లోపల వేసుకునే మందం బనీన్లు ఒంగోలులో చూసి ఉంచా, సైజు చెప్పు. పరీక్ష ఫీజు ఎంతో రాయి. బాబాయిని అడగొద్దు.

మీ అమ్మ

తా.క. రూతత్తయ్య చెప్పిందని ఆమెతో అనకు.