మూసేటప్పుడు పలకని మెట్టు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చి. సౌ. అమ్మలూ,

ఆశీస్సులు. ఆదివారం ఫోనులో నేను చెప్పింది సగం మీ కుక్కరు విజిల్లో కలిసిపోయింది, అందుకే ఈ ఉత్తరం. అల్లుడుగారు అకార్డియన్‌లో నూనె స్ప్రే కొడతానన్నారటగా, ఆ ఒక్క పనీ జరగనివ్వకు. నేనన్నానని మాత్రం అనకు, నువ్వే ఏదో ఒకటి చెప్పు. లోపల స్వరం పలికే రీడు మీద నూనె పడితే దుమ్ము పట్టి శ్రుతి దిగిపోతుంది, గాలిని అడ్డుకునే తోలు ముక్కలు మెత్తబడిపోతాయి. మీ ఇంట్లో కిర్రుమనే తలుపులున్నాయిగా, ఆ డబ్బా అటు తిప్పమను.

ఆ మెట్టు తిత్తి తెరిచేటప్పుడు పలుకుతోంది, మూసేటప్పుడు పలకడం లేదు, అదీ ఒక్క రీడే పలికే స్విచ్చి వేస్తేనే తెలుస్తోంది అన్నావు. పెద్ద జబ్బేం కాదే. ఒక్కో రీడు పలకకి ఈ పక్కొకటి, ఆ పక్కొకటి ఉక్కు నాలుకలుంటాయి. ఒకటి తెరిచేటప్పటి గాలికి, రెండోది మూసేటప్పటి గాలికి. మన అదృష్టం, మూసేటప్పుడు పలికేది బయటికి కనిపించేదే. దాని కింద ఏ వెంట్రుకో, నూలుపోగో ఇరుక్కుని ఉంటుంది.

తిత్తి అంచున ఉన్న పిన్నులు పట్టకారుకి గుడ్డ చుట్టి లాగు. ఏ పిన్ను ఏ కన్నంలోదో కాగితం మీద గుర్తు పెట్టుకో, మారిస్తే వదులై గాలి పోతుంది. కుడివైపు భాగం విడదీశాక ఆ నాలుక కొసని సూదితో వెంట్రుకవాసి ఎత్తి వదులు. టింగుమనాలి. టిక్కుమని ఆగిపోతే ఇంకా ఏదో ఉన్నట్టే. పల్చటి కాగితం ముక్క కిందకి దూర్చి మెల్లగా లాగు. గోకకు. ఊదకు, నోటి తడికి తుప్పు పడుతుంది.

గోకకు అన్నది నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్న మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మన కిటికీ అద్దాలు పగిలి, మంచం కిందున్న పెట్టెలోకి నీళ్ళు పోయాయి, గుర్తుందా? కరెంటు లేదు. షిప్‌యార్డు ఫిట్టరుని కదా, నాకు తెలియనిదేముందని ఎండ రాగానే డాబా మీద ఆరబెట్టాను. రీడు పలకల్ని అంటిపెట్టుకుని ఉండేది తేనెమైనం, అందులో వయొలిన్ విల్లుకి రాసే రోజిన్ కలుపుతారు. మధ్యాహ్నానికి మైనం కరిగి పలకలు ఒక్కొక్కటే జారి తిత్తిలో పడ్డాయి. మీ అమ్మ ఊపి చూసి, "గిలక్కాయలా ఉందండీ" అంది.

పూర్ణా మార్కెట్ దగ్గర హార్మోనియం బాగుచేసే ఆయన చూసి నవ్వాడు. హార్మోనియం రీడ్లు ఇత్తడివి, మరలతో బిగించి ఉంటాయి, మన ఉప్పుగాలిని కొంత ఓర్చుకుంటాయి. ఇవి ఉక్కువి. మైనం మళ్ళీ పోసిచ్చాడు కానీ శ్రుతి నేనే చేస్తానని తెచ్చేసుకున్నాను. నాలుక కొస దగ్గర గోకితే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గోకితే దిగుతుంది. ఎక్కించబోయి దాటించాను, దించబోయి మొదలు పల్చన చేశాను. నల్లమెట్టొకటి ఇప్పటికీ కాస్త ఏడుస్తుంది చూడు, అది తుఫాను పని కాదు, నా పనే.

ఇంకోటి. ఫోనులో ట్యూనరు యాప్ పెట్టి చూస్తే రెండు రీడ్లు కలిసి పలికే స్విచ్చిలో ఒకటి కొంచెం పైన చూపిస్తుంది. అది తప్పు కాదు. కావాలనే అలా పెడతారు, ఆ తేడా వల్లే ఆ వణుకు. దాన్ని సరిచేయమని ఎవరికీ ఇవ్వకు, డబ్బిచ్చి మరీ అందం తీయించుకున్నట్టవుతుంది.

పెట్టెలో తేమ పీల్చే సిలికా పొట్లాలు మార్చు. వాయించేటప్పుడు ఎలా నిలబెడతావో పెట్టెలోనూ అలాగే ఉండాలి, పడుకోబెడితే తోలు ముక్కలు వాలిపోయి వంగుతాయి. ఎండాకాలం కారులో వదలకు, నా డాబా కథే అవుతుంది. తిత్తి మూసేటప్పుడు గాలి బటన్ నొక్కి మూయి. బుజ్జిది బలంగా నొక్కేస్తోందని విన్నాను, దాన్ని ఏమీ అనకు.

సంక్రాంతి వెళ్ళాక గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చేయిస్తాను. ఎడమచేతి బేస్ వైపు మూత మాత్రం నేనొచ్చేదాకా విప్పొద్దు. 120 బటన్ల కడ్డీలు ఒకదాని మీదొకటి అల్లుకుని ఉంటాయి, ఒకసారి బయటికొస్తే మళ్ళీ వరసలో పెట్టడానికి నాకే రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మీ అమ్మ నాతో మాట్లాడలేదు, భోజనాల బల్లంతా కడ్డీలే మరి.

ఆ నాలుక టింగుమందో లేదో ఫోన్ చెయ్యి.

నాన్న