మదర్సాలను ‘ఆధునికీకరించే’ ముందు: కేంద్ర విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

మదర్సాల ప్రస్తావన రాగానే ‘వందల ఏళ్ళుగా మారని చదువులు’ అనేయడం ప్రభుత్వాలకు అలవాటైపోయింది. చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషిగా నా పేచీ ఆ మాటతోనే. ఇవాళ మనం చూస్తున్న మదర్సా చాలావరకు బ్రిటిష్ పాలనలో ఈ రూపానికి వచ్చింది.

18వ శతాబ్దంలో లక్నోలోని ఫరంగీ మహల్ అనే విద్యాకేంద్రంలో ముల్లా నిజాముద్దీన్ స్థిరపరిచిన ‘దర్సె నిజామీ’ అనే పాఠ్యక్రమంలో మత గ్రంథాలతో పాటు తర్కం, తత్వశాస్త్రం, యూక్లిడ్ రేఖాగణితం కూడా ఉండేవి. అది చదివినవాళ్ళు ఖాజీలుగా (ఇస్లామీ న్యాయమూర్తులు), మున్షీలుగా (ఫార్సీ రాతకోతలు చూసేవాళ్ళు) కొలువుల్లో చేరేవారు. వారన్ హేస్టింగ్స్ 1780లో కలకత్తా మదర్సా పెట్టించింది కూడా ఈస్టిండియా కంపెనీ కోర్టులకు అలాంటివాళ్ళు అవసరమయ్యే.

ఆ కొలువులే పోయాయి. 1837లో ఫార్సీ అధికార భాష కాకుండా పోయింది. 1864 చట్టం ఖాజీలనూ, కోర్టుల్లోని ముస్లిం న్యాయాధికారులనూ పక్కకు తప్పించింది. బెంగాల్‌లో పన్నులేని మాన్యాల మీద బతికే బడుల కింద నేల కూడా కంపెనీ చేతికి పోయింది. ఉద్యోగం ఇవ్వని చదువు మతానికే పరిమితం కావడంలో వింతేముంది?

బెంగాల్‌లోనే హుగ్లీ సంగతి ఇంకా విడ్డూరం. హాజీ మొహమ్మద్ మొహ్‌సిన్ 1806లో ధర్మకార్యాలకు రాసిచ్చిన ఆస్తి ప్రభుత్వ అజమాయిషీలోకి వెళ్ళింది. ఆ డబ్బుతో 1836లో ఇంగ్లిష్ కాలేజీ వెలిసింది. అందులో ముస్లిం పిల్లలు బహు కొద్దిమంది. ఆ నిధిని ముస్లింల చదువుకు మళ్ళించడానికి 1873 దాకా పట్టింది.

ఇక 1866లో ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ ఊళ్ళో మొదలైన మదర్సా. తరగతులు, నిర్ణీత సిలబస్, వార్షిక పరీక్షలు, జీతాల మీద ఉపాధ్యాయులు... ఈ ఏర్పాటంతా ఆనాటి ఇంగ్లిష్ బడుల పద్ధతే. స్థాపకుల్లో ముఖ్యుడైన ఖాసిం నానౌతవీ గురువు మమ్లూక్ అలీ, ప్రభుత్వం నడిపిన ఢిల్లీ కాలేజీలోనే అరబ్బీ చెప్పేవారు. ఆ కాలేజీలో పాశ్చాత్య సైన్సును ఉర్దూలో బోధించేవారు. 1857 తిరుగుబాటుతో అది కొన్నేళ్ళు మూతపడింది. దేవ్‌బంద్‌లో హదీసుకు (ప్రవక్త మాటలు, చేతల సంప్రదాయం) పెద్దపీట వేసి తత్వశాస్త్రాన్ని తగ్గించారు. ఆ నిర్ణయం మాత్రం ఉలేమాలదే (మత పండితులదే), దాన్ని తెల్లవాళ్ళ ఖాతాలో వేయలేం. ప్రభుత్వ సొమ్ము వద్దు, జనం చందాలే ముద్దు అని నానౌతవీ నియమం పెట్టారు. ఈనాటికీ సర్కారు గ్రాంటు అనగానే కొన్ని మదర్సాలు వెనకడుగు వేయడాన్ని మొండితనం అనుకునే ముందు, ఆ నియమం ఏ కాలంలో పుట్టిందో చూడండి.

కాబట్టి నా మనవి ఇదీ. ఆధునికీకరణ పథకం పత్రం రాసే కమిటీలో ఈ చరిత్ర తెలిసినవాళ్ళనూ, మదర్సాల్లో పాఠం చెప్పేవాళ్ళనూ కూర్చోబెట్టండి. గణితం, సైన్స్ టీచర్లను పంపితే వాళ్ళ జీతాలు మధ్యలో ఆగకుండా చూడండి. రేఖాగణితం మదర్సాకు కొత్తగా మనం తెచ్చిపెడుతున్నట్టు మాత్రం ఆ పత్రంలో రాయకండి.

ఇట్లు,
ఒక చరిత్ర ఉపాధ్యాయుడు