లడఖ్ కంటే ముందు మారేడుమిల్లి వెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి మొదలైతే చాలు, మా కోనసీమలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా కుర్రాళ్ల నోట లడఖ్ మాటే. బండి మీద దూరం వెళ్లాలనే సరదాను నేను తప్పు పట్టను. నేనూ పాతికేళ్లుగా తిరుగుతున్నవాణ్ణే. శ్రీశైలం, హంపి, ఊటీ వెళ్లాను, ఒకసారి లడఖ్‌లోని లేహ్ కూడా చూసొచ్చాను. నా బాధల్లా ఏమిటంటే వీళ్ల సన్నాహమంతా సామాన్లు కొనడంతోనే అయిపోతోంది. జాకెట్టు, గ్లవ్స్, హెల్మెట్‌కి తగిలించే కెమెరా, పెట్టెలు బిగించే రాడ్లు అన్నీ వచ్చేస్తాయి. ముందు రోజు సాయంత్రం బండిని సర్వీసింగ్‌కి ఇస్తారు, తెల్లవారుజామున కొబ్బరికాయ కొట్టి రావులపాలెం వంతెన దాటేస్తారు. అంత బరువు వేసుకుని ఆ బండి అప్పటిదాకా ఒక్క కిలోమీటరు కూడా నడిచి ఉండదు.

నేనూ అదే పొరపాటు చేశాను కాబట్టి చెబుతున్నాను. హంపి బయలుదేరే ముందు రాత్రి తొమ్మిదింటికి సర్వీసింగ్ చేయించాను. తాడేపల్లిగూడెం దాటాక కుడికాలి బూటు జారుతున్నట్టు అనిపించి పక్కకు ఆపి చూస్తే బూటంతా ఇంజిన్ ఆయిల్, వెనక టైరు ఒక పక్క నల్లగా మెరుస్తోంది. ఆయిల్ మార్చినప్పుడు కింది బోల్టు సరిగా బిగించలేదు. మెకానిక్‌ని అనను, తొందర పెట్టింది నేనే. అది తిన్నటి రోడ్డు కాబట్టి సరిపోయింది, అదే మలుపులో అయితే వెనక వచ్చే లారీ కింద ఉండేవాణ్ణి. అందుకే సర్వీసింగ్ కనీసం పది రోజుల ముందు చేయించాలి, ఆ తర్వాత ఓ రెండు మూడు వందల కిలోమీటర్లు తిరగాలి. మెకానిక్ మరిచిపోయింది ఏదైనా ఉంటే ఇంటి దగ్గరే బయటపడుతుంది.

ఆ తిరిగేదేదో ఘాట్ రోడ్లున్న మారేడుమిల్లి వైపు తిరగమని నా మనవి. డెల్టాలో పుట్టి పెరిగిన మనకు ఎత్తుపల్లాలంటే కాలవ వంతెనలే. మనకు తెలిసిన బ్రేకు గేదె అడ్డొచ్చినప్పుడో, రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోటో వేసేది. ఘాట్‌లో దిగేటప్పుడు అలా కాదు, బ్రేకు పట్టుకునే దిగితే అది వేడెక్కి లివరు మెత్తబడిపోతుంది, ఎంత నొక్కినా బండి ఆగదు. ఏ గేరులో ఎక్కామో ఇంచుమించు ఆ గేరులోనే దిగాలి, ఇంజినే బండిని పట్టి ఉంచాలి. ఈ అలవాటు లడఖ్ దారిలోని జోజిలా కనుమ మీద నేర్చుకునేది కాదు. అమలాపురం నుంచి రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 150 కిలోమీటర్లు, అక్కడి నుంచి చింతూరు వైపు వెళ్తే కావలసినన్ని మలుపులు. లడఖ్‌కి ఎంత సామాను వేసుకుంటారో అంతా కట్టుకుని, వెనక మనిషి కూర్చునేటట్టయితే ఆ మనిషిని కూడా ఎక్కించుకుని వెళ్లి, ఓ రాత్రి ఉండి రండి.

మా తమ్ముడి కొడుకుని, వాడి స్నేహితులిద్దరినీ పోయిన నెల ఇలాగే పంపాను. ఎక్కుడులో మలుపు తిప్పుతుంటే హ్యాండిల్ తేలిపోతోందని మావాడు ఫోన్ చేశాడు. బరువైనవన్నీ తోక మీద కట్టాడు మరి. పనిముట్లు, నీళ్లు కిందికీ ముందుకీ మార్చాక సర్దుకుంది. ఇంకొకడి తాడు కొస వదులై చైనుకి జానెడు దూరంలో వేలాడుతోంది. మూడోవాడు మధ్యాహ్నం బిర్యానీ తిని బండెక్కి, గోకవరం దగ్గర కళ్లు మూతలు పడుతున్నాయని తనే పక్కకు తీసి పడుకున్నాడట. ఇవన్నీ ఇంటికి రెండు మూడు గంటల దూరంలో తెలిశాయి, నాకు అది చాలు.

టైరు సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పనివ్వండి. అందరూ టైరు మీది గాడులు చూసి బాగానే ఉందంటారు. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మావాడి బండి కాలేజీకి తప్ప తిరగలేదు, గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. నేను వెనక టైరు పక్కభాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తే ఎండిన వరిమడిలా సన్నటి నెర్రెలు. మార్పించాను. కొత్తది కొనేటప్పుడు కూడా ఆ అంకెలు చూసే తీసుకోవాలి. స్పోక్స్ చక్రాలైతే చాలావాటికి లోపల ట్యూబు ఉంటుంది, పంక్చరు పడితే ట్యూబ్‌లెస్‌కి వాడే పట్టీ పనిచేయదు, స్పేర్ ట్యూబు తీసుకెళ్లి అది మార్చడం ఇంటి దగ్గరే ఓసారి చేసి చూసుకోవాలి. ఇంకొకటి, మన సముద్రపు గాలికి క్లచ్ కేబుల్ లోపల్లోపలే తుప్పు పట్టి, పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. కొత్త కేబుల్‌ని పాతదాని పక్కనే వేసి కట్టి ఉంచుకుంటే, తెగినప్పుడు రెండు కొసలూ తగిలించుకుని పది నిమిషాల్లో బయలుదేరవచ్చు.

కాగితాలు, ఐఎస్ఐ హెల్మెట్ సంగతి అందరికీ తెలిసిందే. లడఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, గుంపులో ఇద్దరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సముద్రానికి నాలుగు మెట్లు పైన ఉండే ఊళ్లు మనవి, లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తు. 5,200 అడుగుల శ్రీనగర్, 8,800 అడుగుల కార్గిల్ మీదుగా మెల్లగా ఎక్కండి, లేహ్ చేరాక ఆ ఎత్తు ఒంటికి అలవాటయ్యేదాకా రెండు రోజులు ఊరికే ఉండండి. తలనొప్పి, వాంతులు వస్తుంటే ఇంకా పైకి వెళ్లకూడదు, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. లేహ్ పైనున్న ఖర్దుంగ్ లా కనుమ దగ్గర ఫొటో లేకపోయినా ఫర్వాలేదు బాబూ.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. వద్దంటే పిల్లలు చెప్పకుండా పోతారు, ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. వెళ్లమనండి, కానీ మారేడుమిల్లి వెళ్లొచ్చాకే డబ్బులివ్వండి. మీరే వంగి ఆ నాలుగు అంకెలు చదవండి. మా వీధి నుంచి జూన్ మొదటి వారంలో మరో ముగ్గురు బయలుదేరుతున్నారు, అందులో ఒక బండి నేనింకా చూడలేదు. నా మాట వినకపోయినా పేపర్లో వస్తే చదువుతారు. ఈ ఉత్తరాన్ని ఈ నెలాఖరులోగా వేయగలిగితే మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, అంబాజీపేట