వార్షిక నివేదిక: మ్యూజియంలో పిల్లల వేసవి కళా శిబిరం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఈ ఏడాది కార్యక్రమాల నివేదికను మీ ముందుంచుతున్నాను. మన ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి మళ్లీ చెప్పి మీ సమయం తీసుకోను. కార్యవర్గ సమావేశాలు క్రమం తప్పకుండా జరిగాయి. చిత్రకళ మీద నెలవారీ ప్రసంగాలు, గ్రంథాలయానికి పుస్తకాల సేకరణ, పెద్ద కళాకారులకు సన్మానం అనుకున్నట్టే పూర్తయ్యాయి. వాటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు మ్యూజియంలో జరిపిన పిల్లల వేసవి శిబిరానికే ఇస్తున్నాను. మన సంఘం పనుల్లో ఇంత గర్వంగా చెప్పుకోదగ్గది నాకు మరొకటి కనబడదు.

ఏ స్కూల్లోనో పెట్టుకుంటే అనుమతుల గొడవ ఉండేది కాదని కొందరు సభ్యులు అన్నారు. నిజమే. కానీ అక్కడ మాస్టారు బోర్డు మీద ఒక బొమ్మ గీస్తారు, పిల్లలందరూ దాన్నే దించుతారు. మ్యూజియంలో పిల్లల ఎదుట ఉండేది ఎవరో ఒక మనిషి తన చేత్తో చేసిన అసలు వస్తువు. కుండ అంచు మీద వేలిముద్ర, కొయ్యబొమ్మ వెనకాల ఉలి దెబ్బ అక్కడే కనిపిస్తాయి. పిల్లలను తమ ఊహతో బొమ్మలు వేయనివ్వాలని ఫ్రాంజ్ చిజెక్ అనే కళా ఉపాధ్యాయుడు ఆస్ట్రియాలోని వియన్నాలో 1897లోనే వాళ్ల కోసం ప్రత్యేకంగా కళా తరగతి తెరిచారు. ప్రత్యేకించి పిల్లల కోసమే పెట్టిన మ్యూజియం 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో మొదలైంది. వందేళ్లకు పైగా నలిగిన దారిలోనే మనమూ నడిచాం.

చిన్నపిల్లలకు ఒక బ్యాచ్, పెద్దపిల్లలకు ఒక బ్యాచ్ పెట్టాం. మొదట గ్యాలరీలో తిరిగి ఏదైనా ఒక్క వస్తువు ముందు కూర్చోవాలి. కాసేపు పెన్సిల్ పట్టుకోకుండా ఊరికే చూడాలి. ఆ తర్వాతే బొమ్మ మొదలుపెట్టాలి. గ్యాలరీలో పెన్సిల్ తప్ప పెన్నులు, రంగులు, నీళ్లు పనికిరావన్నది మ్యూజియం నియమం. సిరా చుక్క పాత గుడ్డ మీద పడితే ఇక పోదు, పెన్సిల్ గీతనైతే జాగ్రత్తగా తీసేయొచ్చు. ఈ కారణం చెప్పాక పిల్లలు ఒక్కరూ నియమం తప్పలేదు. తప్పిన పెద్దవాళ్లను మాత్రం చూశాను.

"ఇక్కడ ఇంత చీకటిగా ఎందుకుంది?" అని వాళ్లు మొదటిరోజే అడిగారు. పాత వస్త్రాల మీద, కాగితం మీది చిత్రాల మీద పడే వెలుతురును సాధారణంగా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గరే ఉంచుతారని, వెలుతురు చేసే నష్టం పేరుకుంటూ పోతుందే తప్ప వెనక్కి రాదని క్యూరేటర్ గారు చెప్పారు. చెప్పి ఊరుకోకుండా ఒక ప్రయోగం కూడా చేయించారు. స్కెచ్ పెన్నుతో, పసుపుతో, జేగురుమట్టితో రంగు వేసిన కాగితాలను సగం అట్టముక్కతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించారు. శిబిరం చివర్లో అట్ట తీసి చూస్తే పసుపు రంగు దాదాపు వెలిసిపోయింది, స్కెచ్ పెన్ను రంగు పాలిపోయింది. జేగురు రెండు సగాల మధ్య గీత కూడా కనబడలేదు. అది ఇనుము ఆక్సైడు, మట్టిలోనే పుట్టిన రంగు. ఎండకు అంత తేలిగ్గా లొంగదు.

అక్కడి నుంచే మన శిబిరానికి పేరు తెచ్చిన 'గుహ' పుట్టింది. వాడకంలో లేని వరండాను మ్యూజియం వారు మనకు ఇచ్చారు. నలిపిన మందపాటి కాగితాన్ని చెక్క చట్రాలకు అంటించి, ఎగుడుదిగుడు గోడలు, పైకప్పు కట్టాం. రంగులు మూడే: జేగురు, బొగ్గు, సుద్ద. వాటిని నూరి తుమ్మబంక నీళ్లలో కలిపే పని కూడా పిల్లలదే. గోడ మీద చెయ్యి ఆనించి, చుట్టూ పళ్లు తోముకునే బ్రష్‌తో రంగు చిలకరించి, చెయ్యి తీస్తే దాని ఆకారం ఖాళీగా మిగిలింది. ఆదిమానవులు నోటితో ఊది చేసిన పని ఇదే.

ఆదిమానవుల చిత్రాలున్న అల్తమీరా గుహ కథ చెప్పినప్పుడు పిల్లలు కదలకుండా విన్నారు. 1879లో స్పెయిన్‌లో మార్సెలినో సాన్స్ దె సౌతువోలా అనే ఆయన ఆ గుహ నేలను తవ్వుతూ వెతుకుతుంటే, తల పైకెత్తి కప్పు మీది అడవిదున్నలను చూసింది ఆయన ఎనిమిదేళ్ల కూతురు మరియా. అవి వేల ఏళ్ల నాటివంటే పండితులు నమ్మలేదు, దొంగబొమ్మలన్నారు. ఆయన 1888లో చనిపోయారు. తమదే పొరపాటని ప్రధాన విమర్శకుడు ఎమీల్ కార్తయాక్ ఒప్పుకున్నది 1902లో. "అప్పుడు ఒప్పుకుంటే ఆయనకేం లాభం?" అని ఒక పాప గట్టిగా అడిగింది. మన దేశంలో, మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బెట్కా రాతి గుహల చిత్రాలను పురావస్తు శాస్త్రవేత్త వి.ఎస్. వాకణ్కర్ 1957లో గుర్తించిన సంగతి, 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన సంగతి కూడా చెప్పాం.

ఒక బాబు గురించి ప్రత్యేకంగా రాయాలి. మొదటి రోజుల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. గుహలో అందరూ గోడ చదునుగా ఉన్నచోటు కోసం పోటీపడుతుంటే, ఈ పిల్లవాడు కాగితం ఉబ్బెత్తుగా లేచిన చోటు చూసుకున్నాడు. చేత్తో రెండుమూడుసార్లు తడిమి, ఆ ఉబ్బునే దున్న పొట్టగా వదిలేసి, చుట్టూ బొగ్గుతో వీపు, కాళ్లు, కొమ్ములు గీశాడు. టార్చి లైటు పక్కనుంచి వేస్తే పొట్ట నిజంగానే ముందుకు వచ్చినట్టు కనిపించింది. అల్తమీరా చిత్రకారులు కూడా రాతి ఉబ్బులను ఇలాగే వాడుకున్నారు. ఆ విషయం మేమింకా అతనికి చెప్పలేదు. గోడను చూసి తనంతట తనే తెలుసుకున్నాడు. గీతలు అచ్చేసిన బొమ్మలిచ్చి రంగులు నింపమంటే ఇది జరిగేది కాదు. వచ్చే ఏడాది కూడా అలాంటి పుస్తకాలు శిబిరంలోకి రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ముగింపు రోజున చేతిలో టార్చితో కొద్దికొద్దిమందిని లోపలికి పంపాం. పిల్లలే గైడ్లు. ఎందుకు గుంపుగా పంపరని ఎవరైనా అడిగితే, ఆదిమానవుల చిత్రాలున్న ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను సందర్శకుల ఊపిరి, తేమ పాడుచేస్తున్నాయని 1963లో మూసేశారని వాళ్లే జవాబు చెప్పారు. బహుమతులు పెట్టలేదు. మొదటి బహుమతి ఎవరికి అని కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టారు, ఇద్దరు ముగ్గురు పిల్లల చేతిలోంచి బొగ్గు తీసుకుని కొమ్ములు సరిదిద్దబోయారు కూడా. దయచేసి ఆ పని చేయకండి.

మ్యూజియం క్యూరేటర్ గారికి, గ్యాలరీ అటెండెంట్లకు, వరండా శుభ్రం చేసిన పారిశుద్ధ్య సిబ్బందికి, చట్రాలు బిగించిన వడ్రంగి మేస్త్రికి, పారితోషికం వద్దన్న డ్రాయింగ్ టీచర్లకు, మట్టి నూరడానికి రోళ్లు పంపిన తల్లులకు, విరాళాలిచ్చిన దాతలకు, ఫొటోలు తీసిన యువ సభ్యులకు, మా టెన్షన్ అంతా భరించిన కుటుంబాలకు సంఘం తరఫున కృతజ్ఞతలు. అధ్యక్షులవారు రోజూ గేటు దగ్గర నిలబడి, చివరి పిల్లను ఇంటివాళ్లకు అప్పగించాకే వెళ్లేవారు.

రెండు విషయాలు బాధతో చెప్పాలి. వాలంటీర్లుగా పేర్లిచ్చిన వాళ్లలో చాలామంది ప్రారంభోత్సవం ఫొటో తర్వాత కనబడలేదు. ఫోన్ చేస్తే "రేపు తప్పకుండా వస్తాను" అన్నారు. పిల్లలను గ్యాలరీలో తిప్పడానికి మనుషులు చాలక, వచ్చిన కొద్దిమందే రెండు బ్యాచ్‌లూ చూసుకున్నారు. వాళ్లు అలిసిపోయారు. రెండోది, అనుమతి ఫైలు. సంబంధిత కార్యాలయంలో దాన్ని ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు కదిలించడానికి మేం ఎన్నోసార్లు తిరగాల్సి వచ్చింది. సంతకం శిబిరం ముంగిట్లో గానీ పడలేదు. దానివల్ల మట్టి బొమ్మలను కాల్చే కార్యక్రమం మానుకున్నాం. మట్టిబొమ్మ లోపలిదాకా ఆరకుండా బట్టీలో పెడితే, అందులోని నీరు ఆవిరై బొమ్మ పగిలిపోతుంది. ఆరబెట్టే వ్యవధి మాకు మిగల్లేదు. పిల్లలు తమ బొమ్మలను పచ్చిగానే ఇళ్లకు తీసుకెళ్లారు.

జమాఖర్చులకు ఆడిట్ పూర్తయింది. కోశాధికారి గారు పత్రాన్ని విడిగా సమర్పిస్తారు. శిబిరం ఖర్చు విరాళాలతోనే సరిపోయింది.

వచ్చే ఏడాది అనుమతి దరఖాస్తును చలికాలంలోనే ఇవ్వాలని, మట్టిబొమ్మలను మొదటి వారంలోనే చేయించాలని కార్యవర్గం తీర్మానించింది. గుహ గోడల్లో బాగున్న భాగాలను భద్రపరచడానికి మ్యూజియం వారు ఒప్పుకున్నారు. వాలంటీర్ల పుస్తకం నా దగ్గరే ఉంది. పేరు రాసేవారు తాము రాగలిగిన రోజులు కూడా ఎదురుగా రాసి సంతకం పెట్టాలి. ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి