అమీన్‌పూర్ పెద్ద చెరువు: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో నోటీసు బోర్డు మీద ఉంది కనుక దాన్ని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. వీధి దీపాలు, చెత్త సేకరణ విషయంలో చెప్పుకోదగ్గ కొత్త సంగతులు లేవు. మిగతా నివేదికంతా చెరువు గురించే. చెరువును ఏడాది పొడవునా నిండుగా ఉంచాలని, ఒడ్డున బురద తీసేసి టైల్స్‌తో నడకదారి వేయాలని అధికారులకు అర్జీ పెడదామని గత సర్వసభ్య సమావేశంలో పలువురు కోరారు. ఆ అర్జీ పెట్టకూడదని కార్యవర్గం నిర్ణయించింది. కారణాలు సభ్యులకు తెలియాలి.

మన చెరువు సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా (పాలన 1550–1580) కాలం నాటిదని చెప్పే సాగునీటి చెరువు. దక్కను చెరువులన్నిటిలాగే పల్లానికి అడ్డంగా కట్ట పోసి, వాననీటిని ఆపి, తూముల గుండా కింది పొలాలకు వదిలేవారు. (ఆ ఆయకట్టులోనే మనం ఇళ్లు కట్టుకున్నామన్నది వేరే సంగతి.) ఇలాంటి చెరువులో లోతంతా కట్ట దగ్గరే ఉంటుంది; ఎగువకు పోయేకొద్దీ నీరు మోకాలి లోతుకు, తర్వాత చీలమండ లోతుకు, చివరికి ఒట్టి తడి మట్టికి తగ్గుతుంది. మన ప్రాంతంలో ఏడాదికి పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది కనుక, ఆ తర్వాత నీటి అంచు నెలనెలా లోపలికి జరుగుతూ, వెనక శిఖం భూమిని, అంటే చెరువు అడుగు నేలను, బయటపెడుతుంది. మనలో కొందరికి అది చెరువు ఎండిపోవడంలా కనిపిస్తోంది. పక్షులకు మాత్రం అప్పుడే విస్తరి వేసినట్టు.

ఒకప్పుడు ఇంతకంటే చాలా పెద్దదైన ఈ చెరువు ఇప్పుడు సుమారు 93 ఎకరాలకు మిగిలింది. అయినా ఇక్కడ 150కి పైగా పక్షి జాతులు కనిపించాయి. 2016 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య చట్టం, 2002 కింద దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. హైదరాబాద్ నగరం ఇంతగా కమ్ముకున్న చెరువుకు ఈ గుర్తింపు రావడం చిన్న విషయం కాదు.

లోతు నీటిలో మునిగి వేటాడే నీటికాకులు, బుడుబుంగలు కట్ట వైపే తిరుగుతాయి. చెంచాలాంటి ముక్కుతో నీటిని జల్లెడ పట్టే షోవెలర్ బాతులు చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చి లోతు తక్కువ నీటిలో చేరతాయి. ఉల్లంకులకు తడి బురద కావాలి. తీతువుకు ఆ పైనున్న పొడి గులకనేల కావాలి. తీతువు గూడంటూ కట్టదు. రాళ్ల మధ్య చిన్న గుంటలో, రాళ్లలాగే మచ్చలున్న గుడ్లు పెడుతుంది. మీరు అడిగిన టైల్స్ దారి సరిగ్గా ఆ గుడ్ల మీదుగానే పోతుంది.

అందరూ ఫోటోలు తీసే ఫ్లెమింగోల సంగతీ ఇంతే. మనవాళ్లు వీటిని రాజహంసలంటారు గానీ ఇవి హంసలు కావు. పక్షి మెడ వంచి, తలను తలకిందులు చేసి, వంకర ముక్కును నీటిలో పెట్టి, నాలుకను పంపులా ఆడిస్తూ బురద నీటిని లోపలికి లాగి, ముక్కు అంచుల్లోని సన్నని పళ్ల వరసల గుండా వదిలేస్తుంది. నాచు, చిన్న రొయ్యజాతి జీవులు లోపల మిగులుతాయి. ఒంటి గులాబీ రంగు ఆ తిండిదే. ఎక్కువగా కాళ్లు నేలకు ఆనేంత నీటిలోనే ఇవి ఇలా మేస్తాయి. ఏడాదంతా అంచుల దాకా నిండిన చెరువులో వాటికి మేత మేసే చోటే తగ్గిపోతుంది.

ఈ ఏడాది మన వల్ల జరిగిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆగస్టులో శ్రమదానం పేరుతో గుర్రపుడెక్కతో పాటు ఒడ్డునున్న జమ్మును కూడా కోయించాం. గుర్రపుడెక్క తీయాల్సిందే, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క నీటిని కప్పేసి, కింద వెలుతురు, గాలి అందనివ్వదు. జమ్ము అలా కాదు. కోసిన మోపులు లాగుతుంటే తడి ఆకుల ముద్ద ఒకటి ఊడి వచ్చింది. కుళ్లిన నాచు తొలగించి చూస్తే లోపల బుడుబుంగ గుడ్లు. ఆ పక్షి గూడు వదిలి వెళ్లేటప్పుడు గుడ్ల మీద ఆకులు కప్పి పోతుంది, అందుకే మొదట తెల్లగా ఉండే గుడ్లు మరకలు పట్టి గోధుమరంగుకు తిరుగుతాయి. గూడును తిరిగి నీటిలో పెట్టాం గానీ తల్లి రాలేదు. ఇకమీదట వానాకాలంలో జమ్ము జోలికి పోకూడదని కార్యవర్గం తీర్మానించింది.

ఎగువ నుంచి వచ్చి చేరుతున్న మురుగు గురించి సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు రాసినా జవాబు రాలేదు. మూడో లేఖ సిద్ధమవుతోంది. మురుగు కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చైపోతుంది, తెల్లవారుజామున అది మరీ తగ్గి చేపలు నోళ్లు పైకెత్తుతాయి. అర్జీ పెట్టాల్సింది దీని మీదే. సెల్లార్లలో కనిపించే నీరుకట్టు పాములు విషం లేనివి కనుక చంపవద్దని, వాచ్‌మన్‌కు కబురు చేయమని మరోసారి మనవి.

నడకదారి ప్రతిపాదనను కట్ట పైభాగానికే పరిమితం చేస్తూ సవరణ తీర్మానం ఈ సమావేశంలో ఓటుకు వస్తుంది. ఓటు వేసే ముందు చెరువును దగ్గర నుంచి చూడదలచిన సభ్యులు సమావేశం రోజు ఉదయం ఆరు గంటలకు తూము దగ్గరికి రావచ్చు. ముదురు రంగు బట్టలు వేసుకోండి, బురదలో దిగే చెప్పులు తెచ్చుకోండి.

కార్యదర్శి