చెల్లి ఏ గ్రూపు తీసుకోవాలి: కేంబ్రిడ్జి నుంచి నాన్నగారికి

కేంబ్రిడ్జి, మసాచుసెట్స్

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. మీరు, అమ్మ, నాయనమ్మ, చెల్లి క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

చెల్లి పదో తరగతి పూర్తయిందని, ఇంటర్మీడియట్‌లో ఎంపీసీలో చేర్చాలో బైపీసీలో చేర్చాలో తేలక ఇంట్లో రోజూ చర్చ నడుస్తోందని, అది మాత్రం "అక్క చదివేదే నేనూ చదువుతాను" అంటోందని రాశారు. ఫోనులో అడిగితే రెండు మాటల్లో తేల్చేస్తానని, అందుకే వివరంగా ఉత్తరం రాయమన్నారు. పెళ్ళిళ్ళలో కలిసిన బంధువులు మీ పెద్దమ్మాయిది డాక్టరు చదువా ఇంజనీరు చదువా అని అడిగినప్పుడు, రెండూ కలిసినదని చెప్పి తప్పించుకుంటున్నానని కూడా రాశారు. ఆ జవాబు సరైనది కాదు నాన్నగారూ. ఇందులో డాక్టరు చదువు ఏమాత్రం లేదు. నాలుగేళ్ళు పూర్తయిన తరువాత నేను ఎవరి నాడీ పట్టుకోలేను, ఎవరికీ మందు రాయలేను. నేను చదివేది బయొలాజికల్ ఇంజనీరింగ్, అంటే ఇంజనీరింగే. సివిల్, మెకానికల్ ఇంజనీర్లకు భౌతికశాస్త్రం, కెమికల్ ఇంజనీర్లకు రసాయనశాస్త్రం ఎలా పునాదో, మాకు జీవకణం లోపలి అణువుల శాస్త్రం అలాంటి పునాది.

నేను చదివే ఎంఐటీలో (మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) విభాగాలను పేర్లతో కంటే అంకెలతోనే ఎక్కువగా పిలుస్తారు. మెకానికల్ రెండు, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్సు కలిపి ఆరు, బయాలజీ ఏడు, మాది ఇరవై. సంస్థ 1861లో స్థాపితమైనా మా విభాగం 1998లోనే ఏర్పడింది. బయొలాజికల్ ఇంజనీరింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీకి 2005లో అనుమతి వచ్చింది. బయాలజీ విభాగం వేరుగా ఉండగా మరొకటి ఎందుకని మీకు సందేహం రావచ్చు. కణంలో ఏమి జరుగుతోందో కనిపెట్టడం వారి ప్రధానమైన పని. ఆ తెలిసిన సంగతిని లెక్కలోకి తెచ్చి, దాని ఆధారంగా ఒక మందునో, పరికరాన్నో, కొత్త పని చేసే కణాన్నో రూపొందించడం మా పని. ఆచరణలో ఈ గీత అంత స్పష్టంగా ఉండదు. రెండు విభాగాల వాళ్ళు ఒకే ప్రయోగశాలలో పక్కపక్కనే పనిచేస్తారు.

ఏ విభాగంలో చేరబోయేవారైనా ఇక్కడ అందరూ కాలిక్యులస్, భౌతికశాస్త్రం రెండేసి కోర్సులు, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం ఒక్కొక్కటి, వాటితో పాటు సాహిత్యం, చరిత్ర, ఆర్థికశాస్త్రం వంటి వాటిలో ఎనిమిది కోర్సులు పూర్తి చేయాలి. కవి కావాలనుకునేవారు కూడా జీవశాస్త్రం తప్పించుకోలేరు, కణాలతో కాలం గడపదలచుకున్నవారు కూడా కాలిక్యులస్ తప్పించుకోలేరు. ఈత రాకపోతే అదీ నేర్చుకోవాలన్న నియమం ఉందని చెబితే అమ్మ నమ్మలేదు, అది నిజమే. మొదటి సెమిస్టరులో గ్రేడ్లు లెక్కలోకి రావు, ఉత్తీర్ణులైతే చాలు. పదో తరగతితోనే బయాలజీ వదిలేసిన నాకు ఆ వెసులుబాటు ఎంతో ఉపయోగపడింది.

మన దగ్గర పదహారేళ్ళకే పిల్లలను రెండు గదుల్లోకి పంపించి మధ్యలో తలుపు వేసేస్తాము. ఎంపీసీ వాళ్ళు బయాలజీని బట్టీ పట్టే చదువుగా చూస్తారు, బైపీసీ వాళ్ళు లెక్కల బెడద తప్పిందని ఊపిరి పీల్చుకుంటారు. నేను చదువుతున్న డిగ్రీ ఆ గోడ ఉండే చోటనే నిలబడి ఉంది. అందువల్ల చెల్లి విషయంలో నా అభిప్రాయం చెప్పే ముందు ఇక్కడి తరగతుల్లో ఏమి చేస్తామో కొంత రాయాలి.

రెండవ సంవత్సరంలో థర్మోడైనమిక్స్ చదివాను. మెకానికల్ వాళ్ళు ఆవిరి యంత్రాలతో, టర్బైన్లతో నేర్చుకునే శాస్త్రాన్నే మేము ప్రోటీన్లతో, డీఎన్ఏతో నేర్చుకుంటాము. అమైనో ఆమ్లాల గొలుసు తనంతట తాను ఒక నిర్దిష్టమైన ఆకారంలోకి ఎందుకు ముడుచుకుంటుంది, వేడెక్కితే ఎందుకు విడిపోతుంది అన్నవి అక్కడి ప్రశ్నలు. నాయనమ్మ రోజూ తీసుకునే ఇన్సులిన్ యాభై ఒక్క అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను. వాడకం మొదలుపెట్టని సీసాలను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచమని, గడ్డకట్టనివ్వవద్దని పెట్టె మీద రాసి ఉండేది ఇందుకే: వేడికి ఆ అణువులు ఆకారం కోల్పోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి, గడ్డకట్టినా పాడవుతాయి. అలా పాడైన మందు కొన్నిసార్లు చూడటానికి మంచి మందులాగానే ఉంటుంది. కాబట్టి ఫ్రిజ్‌లో ఐసు పట్టే గడికి దగ్గరగా మాత్రం పెట్టవద్దని అమ్మకు చెప్పండి.

అదే ఇన్సులిన్‌ను ఒకప్పుడు పందుల, పశువుల క్లోమాల నుంచి తీసేవారు. మానవ ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో చేర్చి తయారుచేసిన మందుకు అమెరికాలో 1982లో అనుమతి లభించింది. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా కూడా ఈ పద్ధతికి చెందినదే. అక్కడ బ్యాక్టీరియాకు బదులు ఈస్టు కణాలు ఆ ప్రోటీనును తయారుచేస్తాయి. జన్యువును కణంలోకి చేర్చడంతో ఇంజనీరు పని ముగియదు, దాదాపు అక్కడే మొదలవుతుంది. చిన్న ఫ్లాస్కులో హాయిగా పెరిగిన కణాలు వేల లీటర్ల ట్యాంకులో ఊపిరాడక చస్తాయి. ఇరవై అయిదు డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు ఎనిమిది మిల్లీగ్రాములకు మించి గాలిలోని ఆక్సిజన్ కరగదు; కోట్ల కణాలు దానిని క్షణాల్లో పీల్చేసుకుంటాయి. గాలిని ఎంత వేగంతో పంపాలి, ఎలా చిలకాలి, పుట్టే వేడిని ఎలా తీయాలి, చివరకు ఆ ద్రవం నుంచి కావలసిన ఒక్క ప్రోటీనును ఎలా వేరుచేయాలి అన్నవన్నీ లెక్కలతో తేలవలసిన సంగతులు.

నాకు అన్నిటికంటే నచ్చినది ఈ సంవత్సరం చదువుతున్న కోర్సు. బలాలు, ప్రవాహాలు, విద్యుత్ క్షేత్రాలు జీవకణాల స్థాయిలో ఎలా పనిచేస్తాయన్నది దాని విషయం. ఇంటర్‌లో మనం న్యూటన్ సూత్రాలు నేర్చుకుంటాము కదా, తోయడం ఆపినా వస్తువు కొంత దూరం సాగుతుందని. బ్యాక్టీరియాకు ఆ అనుభవమే లేదు. దాని పరిమాణానికి నీరు మనకు చిక్కటి బెల్లం పాకం ఎలాంటిదో అలాంటిది. తోకను తిప్పడం ఆపిందంటే ఒక అణువు వ్యాసమంత దూరం కూడా ముందుకు జరగకుండా ఆగిపోతుంది. ఎడ్వర్డ్ పర్సెల్ అనే హార్వర్డ్ భౌతికశాస్త్రవేత్త 1970లలో ఈ లెక్కను వేసి చూపించారు. ఇటూ అటూ ఒకే విధంగా ఊపే తెడ్డుతో అక్కడ ఈదడం సాధ్యం కాదు కనుకనే ఆ తోక మెలికలు తిరిగి మరలాగా తిరుగుతుంది. బయాలజీ పుస్తకంలో ఆ తోక పేరు, బొమ్మ ఉంటాయి. అది అలాగే ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రంలో దొరికింది.

ఆ కోర్సులోనే మరొక లెక్క ఉంది, ఇది మీకు కూడా నచ్చుతుంది. నీటిలో ఆక్సిజన్ తనంతట తానుగా ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరం వ్యాపించడానికి మిల్లీసెకనులో నాలుగో వంతు కాలం పడుతుంది. దూరం పది రెట్లయితే కాలం వంద రెట్లవుతుంది. ఆ ప్రకారం ఒక సెంటీమీటరు వ్యాపించడానికి సుమారు ఏడు గంటలు కావాలి. బ్యాక్టీరియాకు గుండె, రక్తనాళాలు ఎందుకు అక్కర్లేదో, మనకు ఎందుకు తప్పనిసరో ఈ ఒక్క సమీకరణం చెబుతుంది. మన శరీరంలో చాలా కణాలు ఏదో ఒక సన్నని రక్తనాళానికి ఒకటి రెండు వందల మైక్రాన్ల లోపే ఉంటాయి. ప్రయోగశాలలో కాలేయమో గుండెకండరమో పెంచాలని చూసేవారికి ఇదే పెద్ద అడ్డంకి; ముక్క మందం ఆ హద్దు దాటితే లోపలి కణాలు ఆక్సిజన్ అందక చనిపోతాయి, కనుక రక్తనాళాలను కూడా కలిపి నిర్మించాలి. ఇంకా ఎవరూ పూర్తిగా పరిష్కరించని సమస్య ఒకటి ఇంటర్ లెక్కలకు ఇంత దగ్గరలో ఉంటుందని నేను అనుకోలేదు.

ప్రయోగశాల కోర్సులు రెండు ఉన్నాయి. ఒకదానిలో జన్యువులను కత్తిరించడం, కణాల్లో చేర్చడం, వచ్చిన ఫలితాన్ని పరిశోధన పత్రంలాగా రాయడం నేర్పుతారు. నిజానికి ప్రయోగం కంటే దానిని రాయడానికే ఎక్కువ రాత్రులు పోతాయి. రెండవ దానిలో పరికరాలను మేమే కటకాలు, లేజర్లు, సర్క్యూట్లతో నిర్మిస్తాము. డీఎన్ఏను నెమ్మదిగా వేడిచేస్తూ, రెండు పోగులు ఏ ఉష్ణోగ్రత వద్ద విడిపోతాయో కాంతితో కొలిచే పరికరాన్ని నిర్మించడం అందులో ఒక భాగం. శబ్దం, వణుకు, చెత్త సంకేతాల మధ్య నుంచి నిజమైన సంకేతాన్ని వెలికితీయడమే ఆ కోర్సు మొత్తం సారాంశం.

కొలత మాట వచ్చింది కాబట్టి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఒక మాట. ఆయన 1920ల మొదట్లో ఇక్కడికి, నదికి అవతల ఉన్న బోస్టన్‌కు వచ్చారు. మందుల పేర్లు చెప్పి మనం ఆయనను తలచుకుంటాము కానీ, ఆయన పేరు మొదట శాస్త్రలోకానికి తెలిసింది ఒక కొలత పద్ధతి వల్ల. ద్రవంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి తేల్చే ఆ పద్ధతి 1925లో ఆయన సహపరిశోధకుడు ఫిస్కే, సుబ్బారావు గార్ల పేర్లతో వెలువడింది. ఆ కొలత చేతికి వచ్చాకే కండరాల్లో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్ వారి కంటబడింది. తరువాత ఆయన బృందం లెడర్లే సంస్థలో తయారుచేసిన మెథోట్రెక్సేట్, ఒక ఎంజైమును అంటిపెట్టుకుని దాని పనిని ఆపే మందుకు ఉదాహరణగా మా తరగతిలో వచ్చింది. ఎంత గట్టిగా అంటుకుంటుందో, ఎంత మోతాదుకు ఎన్ని ఎంజైములు ఆగిపోతాయో లెక్కగట్టాము. ఆచార్యులు ఆయన ఊరి పేరు చెప్పలేదు. నేనే పక్కవారికి చెప్పాను.

ఉద్యోగాల సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. డిగ్రీతోనే మంచి జీతం రావాలన్నది ఒక్కటే కోరిక అయితే కంప్యూటర్ సైన్సు దీనికంటే దగ్గరి దారి. మా సీనియర్లలో చాలామంది పీహెచ్‌డీకి వెళ్ళారు, కొందరు పక్కనే ఉన్న కెండల్ స్క్వేర్‌లోని మందుల కంపెనీల్లో చేరారు. అమెరికా పౌరులైన కొందరు వైద్యవిద్యకు వెళ్ళారు. ఆ మార్గం మనవంటి వారికి దాదాపు మూసుకుపోయినట్లే, ఎందుకంటే ఇక్కడి చాలా వైద్య కళాశాలలు విదేశీ విద్యార్థులను చేర్చుకోవు. డిగ్రీ అయ్యాక మాకు ఒక సంవత్సరం, ఆపై మరి రెండేళ్ళు పనిచేసే అనుమతి దొరకవచ్చు; ఆ తరువాతిది వీసా లాటరీ మీద ఆధారపడి ఉంటుంది. ఈ సంగతులు చెల్లికి దాచకుండా చెప్పండి. అది ఇక్కడికే రావలసిన అవసరం కూడా లేదు. మద్రాసు ఐఐటీలో బయొలాజికల్ ఇంజనీరింగ్ పేరుతోనే బీటెక్ ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి చేరవచ్చు.

ఇక నా అభిప్రాయం. చెల్లికి రోగులను చూసి వైద్యం చేయాలని ఉంటే బైపీసీనే తీసుకోవాలి, నీట్‌కు అదే సూటి దారి, అందులో నేను చెప్పవలసినది ఏమీ లేదు. అలా కాక నేను పైన రాసినవి దానికి ఆసక్తి కలిగిస్తే ఎంపీసీ తీసుకోమంటాను. బైపీసీతో బయోటెక్నాలజీ బీటెక్‌లో చేరే వీలు మన రాష్ట్రంలో ఉన్నా, రెండేళ్ళు వదిలేసిన లెక్కలను అప్పుడు అందుకోవడం చాలా కష్టం. గణితంలో ఒక మెట్టు తప్పితే పైమెట్టు అందదు. జీవశాస్త్రంలోకి ఆలస్యంగా ప్రవేశించవచ్చు, నేను అలాగే ప్రవేశించాను. అయితే ఎంపీసీలో చేరినంత మాత్రాన పదో తరగతి బయాలజీ పుస్తకాన్ని పాత కాగితాలవాడికి వేయనివ్వకండి, కార్పొరేట్ కళాశాలవారు ఎన్ని పరీక్షలు పెట్టినా వారానికి ఒక గంట అయినా ఆ వైపు చదవమనండి.

నిర్ణయం చేసే ముందు దానికి ఈ లెక్క ఇవ్వండి, నేను ఇచ్చానని చెప్పవద్దు. ఒక బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. దాని బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఒక్కదానితో మొదలుపెడితే ఇరవై నాలుగు గంటల తరువాత మొత్తం బరువు ఎంత? సరిగ్గా వేస్తే దాదాపు 4,700 టన్నులు వస్తుంది. జవాబు రాసి పుస్తకం మూసేస్తుందా, లేక అలా ఎందుకు జరగడం లేదని మిమ్మల్ని వచ్చి అడుగుతుందా గమనించి నాకు రాయండి. కళాశాలవారు ముందే ఫీజు కట్టమని తొందరపెడితే ఒక వారం ఆగమనండి. వచ్చే ఆదివారం మీకు ఉదయం తొమ్మిదింటికి ఫోను చేస్తాను, అప్పుడు దానిని ఇంట్లోనే ఉండమనండి.

అమ్మకు, నాయనమ్మకు నా నమస్కారాలు. చెల్లికి ఆశీస్సులు.

మీ
పెద్దమ్మాయి